పిల్లల్లో డిప్రెషన్: ఎలా గుర్తించాలి, గుర్తించాక ఏం చేయాలి

మన ఇళ్లలో పిల్లల మనసు బాగాలేదన్న అనుమానం చాలాసార్లు ప్రోగ్రెస్ కార్డు చేతికి వచ్చిన రోజునే పుడుతుంది. అప్పటికే నెలలు గడిచిపోయి ఉంటాయి. మార్కులు తగ్గడం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటే గానీ, దాని ఒక్కదాని మీదే ఆధారపడటం ప్రమాదం. లోలోపల కుంగిపోతూ కూడా, అమ్మానాన్నలను బాధపెట్టకూడదన్న పట్టుదలతో మంచి ర్యాంకులు తెచ్చే పిల్లలు ఉన్నారు. ఆ ర్యాంకును చూసి ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండిపోతారు. కాబట్టి ఈ వ్యాసం చదివేంతసేపూ మార్కుల సంగతి పక్కన పెట్టి, నిద్ర, తిండి, కోపం, ఆట, మాట అనే రోజువారీ విషయాల మీదే దృష్టి నిలపమని తల్లిదండ్రులను కోరుతున్నాను.

మీ బిడ్డ చచ్చిపోవాలని ఉందని ఇప్పటికే అన్నా, కావాలని ఒంటికి గాయం చేసుకున్నా, ఇదంతా వరుసగా చదువుతూ కూర్చోవద్దు. నేరుగా ‘ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే’ అన్న భాగానికి వెళ్లండి.

మొదటి పని: రెండు వారాలు గమనించి, రాసి పెట్టుకోండి

డిప్రెషన్ అని వైద్యులు నిర్ధారించాలంటే లక్షణాలు కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం కనిపించాలి. అందువల్ల ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని, పిల్లల కంట పడకుండా, రోజుకు రెండు మూడు వాక్యాలు రాయండి: ఎన్ని గంటలకు పడుకున్నారు, రాత్రి మధ్యలో లేచారా, అన్నం ఎంత తిన్నారు, దేనికి విసుక్కున్నారు, ఎవరితో మాట్లాడారు, ఏమని వాపోయారు. జ్ఞాపకం మీద ఆధారపడితే నిన్నటి గొడవే పెద్దదిగా కనిపించి, మూడు వారాలుగా నెమ్మదిగా జరుగుతున్న మార్పు కంటికి ఆనదు. రేపు డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఈ పుస్తకమే మీకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

డిప్రెషన్ అనగానే మనకు దిగులు ముఖం, కన్నీళ్లు గుర్తుకొస్తాయి. పిల్లల్లో అది చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. వైద్యులు వాడే ప్రమాణాల్లోనే, పిల్లల విషయంలో దిగులుకు బదులు ఎడతెగని చిరాకు ఉన్నా లక్షణంగా లెక్కించవచ్చని ఉంది. ఇంట్లో మాత్రం ఆ చిరాకుకు పొగరు, మొండితనం, ఎదురు చెప్పడం అనే పేర్లు పడతాయి, దానికి తగ్గట్టు తిట్లూ దెబ్బలూ పడతాయి. ఎప్పుడూ సౌమ్యంగా ఉండే పిల్ల కొన్ని వారాలుగా ప్రతి చిన్నదానికీ కస్సుమంటూ ఉంటే, దండించే ముందు ఒకసారి ఆగి ఆలోచించండి.

పది పన్నెండేళ్లలోపు పిల్లలకు తమ బాధను మాటల్లో పెట్టడం రాదు కాబట్టి వారి తరఫున శరీరం మాట్లాడుతుంది. సోమవారం ఉదయం బూట్లు వేసుకునే వేళకు కడుపునొప్పి మొదలవుతుంది, స్కూలు ఆటో వెళ్లిపోయిన గంటకు తగ్గుతుంది, ఆదివారం ఆ ఊసే ఉండదు. దీన్ని నటన అని కొట్టిపారేయకండి. ఆ నొప్పి పిల్లవాడికి నిజంగానే ఉంటుంది; దాని మూలం కడుపులో కాకుండా బడిలోనో, మనసులోనో ఉండి ఉండవచ్చు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుకావడం, తల్లి కొంగు వదలకపోవడం, ఆడుకోవడానికి పిలిచినా రాకపోవడం కూడా ఈ వయసులో గమనించవలసినవి.

కౌమారంలో ఉన్నవారిలో నిద్ర తలకిందులవుతుంది: తెల్లవారుజాము దాకా మెలకువగా ఉండి పగలంతా పడుకోవడం, లేదా ఎంత పడుకున్నా అలసట తీరకపోవడం. తిండి బాగా తగ్గుతుంది, లేదా అకారణంగా పెరుగుతుంది. ప్రాణంగా ఆడే క్రికెట్ బ్యాటు మూలన పడుతుంది, ఏళ్ల తరబడి నేర్చుకున్న డాన్సు క్లాసు ఉన్నట్టుండి వద్దంటారు. చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతారు, ఏదీ బుర్రకెక్కదు. ‘నా వల్ల కాదు’, ‘నేను దేనికీ పనికిరాను’ అన్న మాటలు వినిపిస్తాయి. వీటన్నిటిలో నేను అన్నిటికంటే ముందు చెవిన పెట్టమనే మాట ఒకటుంది: ‘నేను లేకపోతే మీకు ఈ ఖర్చయినా తప్పుతుంది.’ ఫీజు కోసం ఎంత అప్పు చేశారో, ఏ పొలం తాకట్టులో ఉందో పిల్లలకు తెలుసు. ఆ మాట విసుగులో అన్నట్టు ఉన్నా, నవ్వుతూ అన్నా, తేలికగా తీసుకోకూడదు.

మామూలు దుఃఖానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? తాతయ్య పోయినప్పుడు, స్నేహితులతో తగాదా పడినప్పుడు పిల్లలు ఏడుస్తారు, కానీ మధ్యమధ్యలో ఆటలో పడతారు, జోకు చెబితే నవ్వుతారు, రోజులు గడిచేకొద్దీ తేరుకుంటారు. డిప్రెషన్‌లో ఆ తెరిపి ఉండదు. సంక్రాంతికి అత్తయ్య పిల్లలూ బాబాయి పిల్లలూ దిగి, మేడ మీద గాలిపటాలు ఎగరేస్తుంటే, నిరుడు అందరికంటే ముందు మాంజా చుట్టిన కుర్రవాడు ఈసారి దుప్పటి ముసుగేసుకుని గదిలోనే ఉంటే, అది ‘పెద్దవాడవుతున్నాడు’ అని సరిపెట్టుకోవలసిన విషయం కాదు.

రెండవ పని: ఒంట్లో మరేదైనా జబ్బు ఉందేమో చూపించండి

రక్తహీనత, థైరాయిడ్ లోపం, కొన్ని విటమిన్ల లోపం కూడా నీరసాన్నీ నిరాసక్తతనూ కలిగిస్తాయి. మీకు తెలిసిన పిల్లల డాక్టర్‌కు చూపించి, అవసరమైన రక్త పరీక్షలు చేయించండి. పరీక్షలన్నీ మామూలుగా వచ్చాయని చెప్పగానే ‘ఏమీ లేదట’ అని ఇంటికి వచ్చేయకుండా, మానసిక వైద్యుడికి చూపించాలా అని ఆ డాక్టర్‌నే అడగండి.

మూడవ పని: మాట్లాడండి, అంతకంటే ఎక్కువగా వినండి

ఎదురుగా కూర్చోబెట్టి ‘నీకేమైంది చెప్పు’ అని నిలదీస్తే పిల్లలు నోరు విప్పరు. పక్కపక్కన ఏదో పని చేస్తున్నప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి: బండి మీద కూరగాయలకు వెళ్లేటప్పుడు, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు, రాత్రి మేడ మీద పడుకున్నప్పుడు. ఇంట్లో మరెవరూ వినని చోటు కావాలి. నానమ్మో, మేనమామో మధ్యలో కల్పించుకుని తీర్పు చెప్పే అవకాశం ఉన్న చోట ఈ సంభాషణ మొదలుపెట్టవద్దు.

మొదటి వాక్యం మీరు చూసిన దాని గురించి ఉండాలి. ‘నాన్నా, రెండు మూడు వారాలుగా నువ్వు సరిగా నిద్రపోవడం లేదు, చరణ్ వాళ్లతో ఆడటానికీ వెళ్లడం లేదు. నాకు దిగులుగా ఉంది. ఏం జరుగుతోందో చెబుతావా? కోప్పడను.’ దానికి ‘ఏం లేదు’ అనే జవాబే రావచ్చు. అప్పుడు తరచి తరచి అడగకుండా, ‘సరే, ఎప్పుడు చెప్పాలనిపించినా, అర్ధరాత్రి అయినా, నన్ను లేపు’ అని ఊరుకోండి, రెండు రోజుల తర్వాత మళ్లీ అడగండి. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో సలహా ఇవ్వవద్దు. వాళ్లు చెప్పింది మీకు చిన్న విషయంగా అనిపించినా, ‘ఇంత బాధను ఒక్కదానివే మోశావా, అమ్మలూ’ అన్న ఒక్క మాట ఆ పూటకు చాలు.

కొన్ని మాటలు మన నోటికి అలవాటైపోయాయి, అవి తలుపు మూసేస్తాయి. ‘నీకేం తక్కువ చేశాం?’ అంటే పిల్లవాడికి తన బాధ కృతఘ్నతలా వినిపిస్తుంది. ‘మేము కిరోసిన్ దీపం కింద చదువుకున్నాం’ అన్నా, ‘పక్కింటి అమ్మాయిని చూసి నేర్చుకో’ అన్నా, తాను పనికిరానన్న నమ్మకం మరింత గట్టిపడుతుంది. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంటి?’ అన్న మాటను ఇంట్లోంచి పూర్తిగా తీసేయమని తండ్రులను ప్రత్యేకంగా వేడుకుంటున్నాను, ఎందుకంటే ఈ విషయంలో కొడుకు ముందుగా చూసేది నాన్న ముఖాన్నే.

వినేటప్పుడు కారణాల కోసం కూడా చెవి ఒగ్గి ఉంచండి. తోటి పిల్లల వేధింపు, ర్యాగింగ్, ఉపాధ్యాయుడు తరగతిలో అందరి ముందూ చేసిన అవమానం, ఇంట్లో తల్లిదండ్రుల నిత్య తగవులు, తండ్రి తాగుడు, పనుల కోసం అమ్మానాన్నలు వలస పోగా ముసలివాళ్ల దగ్గర పెరగడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఎవరైనా ఒంటి మీద తప్పుగా చేయి వేశారని బిడ్డ చెబితే, నమ్ముతున్నానని ముందు చెప్పండి. ఆ తర్వాత 1098 చైల్డ్‌లైన్‌కు ఫోన్ చేసి సహాయం తీసుకోండి. ఏ కారణమూ దొరకకపోవడమూ ఉంటుంది. కుటుంబంలో ఇంతకు ముందు ఎవరికైనా డిప్రెషన్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, అది ఎవరి తప్పూ కాదు.

హాస్టల్లో ఉండి చదివే పిల్లల విషయం వేరు. వారానికి ఒకసారి, ఆదివారం, వార్డెన్ ఫోన్ నుంచి, వెనక పదిమంది వరుసలో నిలబడి ఉండగా మూడు నిమిషాలు మాట్లాడే పిల్ల ‘బాగున్నానమ్మా’ తప్ప ఇంకేం చెప్పగలదు? అందుకే అవును, కాదు అని జవాబు చెప్పగలిగే ప్రశ్నలు అడగండి: ‘రాత్రి నిద్ర పడుతోందా? ఎవరైనా ఏమన్నా అంటున్నారా? నేను వచ్చి తీసుకెళ్లాలా?’ హాస్టల్‌కు పంపేటప్పుడే ఒక గుర్తుమాట అనుకోండి, ‘పచ్చడి అయిపోయింది’ లాంటిది. ఆ మాట ఫోన్‌లో వినబడితే ఔటింగ్ రోజు దాకా ఆగకుండా ఆ రోజే బయలుదేరతామని పిల్లలకు మాటివ్వండి, ఇచ్చిన మాట ప్రకారం బయలుదేరండి.

ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే

చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. సూటిగా, నెమ్మదిగా అడగడం వల్ల పిల్లలకు మోస్తున్న భారం దించుకునే అవకాశం దొరుకుతుంది. ‘బతకడం ఎందుకు అనిపిస్తోందా? చచ్చిపోవాలని అనుకున్నావా? ఎలా అని కూడా ఆలోచించావా?’ అని ఒక్కొక్కటిగా అడగండి. అవునన్న జవాబు వస్తే కేకలు వేయవద్దు, ఒట్టు వేయించుకోవద్దు, ఎవరికీ చెప్పనని మీరూ మాట ఇవ్వవద్దు. ‘నాకు చెప్పి మంచి పని చేశావు. నేను నీతోనే ఉంటాను, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళదాం’ అనండి.

ఆ క్షణం నుంచి బిడ్డను ఒంటరిగా వదలకూడదు, రాత్రి కూడా పక్కనే పడుకోవాలి. పురుగుమందులు, కలుపుమందులు ఇంట్లో గానీ పశువుల కొట్టంలో గానీ ఉంటే ఆ పూటే బయటకు తరలించండి. తాతయ్య బీపీ, షుగర్ మాత్రలతో సహా మందులన్నీ తాళం వేసిన బీరువాలోకి వెళ్లాలి. ఆ ఆలోచన చాలామందిలో ఉధృతంగా వచ్చి కొంతసేపటికి తగ్గుతుంది; ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకుండా చేయడం వల్ల ప్రాణాలు నిలుస్తాయి.

14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డ ఇప్పటికే ఏదైనా మింగినా, గాయం చేసుకున్నా 108కి ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో నాటువైద్యుల దగ్గర సమయం పోగొట్టుకోవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, అలాంటివారికి వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది.

నాలుగవ పని: సరైన వ్యక్తి దగ్గరికి తీసుకువెళ్లండి

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్; జబ్బును నిర్ధారించి మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వారికి భారత పునరావాస మండలి నమోదు ఉండాలి, ఆ నంబరు అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. కౌన్సెలర్ అనే బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు గనుక చదువూ అనుభవమూ విచారించి వెళ్లండి.

డబ్బు గురించి వెనకాడవలసిన పని లేదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ చూస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల అందరికీ తెలిసినవే. ఎర్రగడ్డ అన్న పేరును వెక్కిరింతగా వాడే అలవాటు మనకు ఉంది, ఆ వెక్కిరింతకు భయపడి వైద్యం మానుకున్న కుటుంబాలు ఎన్నో. అనంతపురం, చిత్తూరు వైపు వారికి బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దగ్గర. అక్కడ పిల్లలకు ప్రత్యేక విభాగమే ఉంది.

మొదటిసారి వెళ్లినప్పుడు నోటు పుస్తకం, రక్త పరీక్షల కాగితాలు తీసుకువెళ్లండి. డాక్టర్ ముందు మీతో, తర్వాత బిడ్డతో విడిగా మాట్లాడతారు. ఆ సమయంలో బయట కూర్చోండి, ఇంటికి వచ్చాక ‘లోపల ఏం చెప్పావు?’ అని అడగకండి. ఆడపిల్ల అయితే ‘రేపు పెళ్లికి ఇబ్బంది’ అన్న మాట ఎవరో ఒకరు అంటారు. వైద్య వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 చట్టమే ఇచ్చింది, మీరు చెబితే తప్ప ఎవరికీ తెలియదు. దిష్టి తీయించాలనో, తాయెత్తు కట్టించాలనో పెద్దవాళ్లు పట్టుబడితే, బిడ్డను కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం లాంటివి లేనంతవరకు వాళ్లతో యుద్ధం అవసరం లేదు. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఒక్క రోజు కూడా వెనక్కి జరగకూడదు.

ఐదవ పని: వైద్యం మధ్యలో ఆపకండి

తేలికపాటి డిప్రెషన్‌కు ముందుగా మాటల చికిత్సతోనే మొదలుపెడతారు. తన మీద తనకున్న కఠినమైన ఆలోచనలను పట్టుకుని ప్రశ్నించడం, రోజుకు ఒక చిన్న పనైనా చేయడం అక్కడ నేర్పుతారు. చిన్న పిల్లలతో ఇదే పని బొమ్మలతో, ఆటలతో జరుగుతుంది. డిప్రెషన్ ఒక మోస్తరుగానో, తీవ్రంగానో ఉంటే మందులు కూడా అవసరం కావచ్చు. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ల వయసున్న 439 మందిపై జరిగిన, 2004లో ప్రచురితమైన అధ్యయనంలో, ఫ్లూయాక్సిటిన్ అనే మందు, మాటల చికిత్స రెండూ కలిపి ఇచ్చినవారిలో 71 శాతం మందికి 12 వారాల్లో మెరుగు కనిపించింది. మందు ఒక్కటే తీసుకున్నవారిలో అది 61 శాతం, మాటల చికిత్స ఒక్కటే అయితే 43 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 35 శాతం.

డిప్రెషన్ మందులు నిద్రమాత్రలు కావు, మత్తుమందుల్లా బానిసలను చేసేవీ కావు. పూర్తి ప్రభావం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి పది రోజులు వాడి ‘పని చేయడం లేదు’ అని ఆపేయకూడదు. అయితే మొదలుపెట్టిన తొలి వారాల్లోనూ, మోతాదు మార్చినప్పుడూ కొద్దిమంది పిల్లల్లో అశాంతి, ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని 2004 నుంచే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ఉంది. ఆ రోజుల్లో మరింత దగ్గరగా చూసుకుంటూ, తేడా అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటకు ఆ పూట మీ చేత్తో ఇవ్వండి. బిడ్డ కోలుకున్న తర్వాత కూడా చాలా నెలలు మందు కొనసాగిస్తారు. మానడం డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా జరగాలి.

ఆరవ పని: బడితో, కాలేజీతో మాట్లాడండి

ప్రిన్సిపాల్‌ను కలిసి, జబ్బు పేరు చెప్పినా చెప్పకపోయినా, వైద్యం జరుగుతోందని చెప్పండి. స్టడీ అవర్లు తగ్గించమని, వారం వారం పరీక్షల నుంచి కొంతకాలం మినహాయించమని రాతపూర్వకంగా అడగండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. ‘మీ కౌన్సెలర్ ఎవరు, వారంలో ఏ రోజు వస్తారు?’ అని అడిగే హక్కు ఇప్పుడు మీకు ఉంది. సరైన జవాబు రాకపోతే, డాక్టర్ సలహా కూడా అదే అయితే, పిల్లను ఇంటికి తెచ్చుకోండి. కట్టిన ఫీజు పోతుందన్న బాధ నిజమైనదే, కానీ ఆ లెక్క పిల్ల వినేలా ఇంట్లో వేయవద్దు. ఇంటర్ ఫలితాల్లో తప్పినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉన్నాయి, ఏడాది ఆగి చదివినవారూ ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ మాట ఫలితాల రోజున కాకుండా, అంతకు నెలల ముందే పిల్లల చెవిన పడాలి.

ఇంట్లో ఏం మారాలి

పదమూడేళ్లు దాటిన పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, అంతకంటే చిన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. పడుకునే వేళకు ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో ఒకచోట చార్జింగ్‌కు పెట్టండి. సాయంత్రం అరగంట కలిసి నడవండి. చిన్న పని ఒకటి అప్పగించండి, కుండీలకు నీళ్లు పోయడమో, కుక్కపిల్లకు అన్నం పెట్టడమో. చేయలేకపోయిన రోజున ఏమీ అనవద్దు. తమ్ముడికో చెల్లెలికో ‘అక్కకు ఒంట్లో బాగాలేదు, మందులు వాడుతోంది, తగ్గుతుంది’ అని చెబితే చాలు. తల్లి తానే కుంగిపోయి ఉంటే ఆమెకూ అదే డాక్టర్ దగ్గర వైద్యం మొదలుపెట్టాలి. తల్లి తేరుకుంటే పిల్లలూ త్వరగా తేరుకునే అవకాశం ఉంది.

కోలుకోవడం నిటారుగా సాగదు. నాలుగు రోజులు నవ్వుతూ తిరిగిన పిల్లవాడు ఐదో రోజు మళ్లీ మంచం దిగకపోవచ్చు. ఒకసారి తగ్గిన డిప్రెషన్ తిరిగి వచ్చే అవకాశమూ ఉంది, ముఖ్యంగా పరీక్షలు, ఫలితాలు, కొత్త హాస్టల్‌లో చేరడం లాంటి సమయాల్లో. అందుకని నోటు పుస్తకాన్ని పారేయకుండా, మొదట్లో మీ బిడ్డలో ఏ మూడు మార్పులు ముందుగా కనిపించాయో దాని వెనక అట్ట మీద రాసి పెట్టుకోండి. వాటిలో ఏ రెండు మళ్లీ కనిపించినా, ఈసారి రెండు వారాలు ఆగకుండా డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.